పక్క తెర కేసు

మా అక్కకి తెలుగు సినిమాలు అర్థమయ్యేవి కావు. ఇంగ్లీషు సినిమాలు మాత్రం మొదటినుంచి చివరిదాకా అర్థమయ్యేవి. ఈ మాట ఎవరితో అన్నా ముందు నవ్వుతారు, తర్వాత మా కుటుంబానికి లేనిపోని గొప్పలు అంటగడతారు. గొప్పా లేదు, పాడూ లేదు. అక్కకి చెవులు వినపడవు. మేమింకా కర్నూలులో ఉన్నప్పుడు, చిన్నతనంలోనే, దానికి విడవని జ్వరం ఒకటి వచ్చింది. పోతూ పోతూ రెండు చెవుల్నీ పట్టుకుపోయింది. అప్పటికే మాటలన్నీ వచ్చేసి ఉన్నాయి కాబట్టి మాట పోలేదు. గొంతు మాత్రం ఎత్తుపల్లాలు లేకుండా ఒకే తీరుగా ఉండేది.

తర్వాత రాజధాని హైదరాబాదుకి మారింది. నాన్నగారి ఆఫీసుతో పాటు మేమూ మారాం. నాంపల్లిలో ఒక సందులో, ఒక వకీలుగారి ఇంట్లో వెనక వాటా అద్దెకి దొరికింది. మాది అసలు కృష్ణా జిల్లా, ఆ ఊళ్ళో మాకు ఏ మాట ఎలా పలుకుతారో కూడా తెలియదు. అక్కకి మాత్రం ఆ ఇబ్బంది లేదు. యాస వినపడనివాళ్ళకి ఏ ఊరైనా ఒకటే.

అక్క పెదవులు చూసి మాట పట్టేది. నేర్పింది నాన్నగారే. ఆయన్ని తక్కువ చేసి చెప్పను. సచివాలయంలో గుమాస్తా పని చేసి వచ్చి, అలసిపోయిన ముఖంతోనే గోడకున్న అద్దం ముందు కూర్చునేవారు. పక్కన అక్క. 'ప' అనేటప్పుడు పెదవులెలా ఉంటాయో, 'మ' అనేటప్పుడు ఎలా ఉంటాయో అద్దంలో చూపిస్తూ ఏళ్ళ తరబడి నేర్పారు. నేను పలకా బలపం పట్టుకుని వెళ్తే మాత్రం విసుక్కునేవారు.

ఆ చదువు ఎందుకంటే, ఎవరికీ తెలియకూడదని. అక్కకి వినపడదన్న సంగతి మా ఇంటి గడప దాటకూడదు. 'చెవిటి' అన్న మాట మా ఇంట్లో ఎవరూ అనకూడదు. దానికోసం ఆయన కొన్ని నియమాలు పెట్టారు. నలుగురూ నవ్వినప్పుడు నువ్వూ నవ్వు. ఎప్పుడు నవ్వాలో తెలియకపోతే నా ముఖం చూడు, నేను నవ్వితే నవ్వు. "అర్థమైందా?" అని ఎవరైనా అడిగితే "అర్థమైందండి" అను. అర్థం కాకపోయినా సరే, ఆ మాట ముందు అనేయి. అక్క ఇంట్లో పదిమంది మధ్య కూర్చుని, "ఏమన్నారు నాన్నగారూ? ఎందుకు నవ్వారు?" అని అడిగితే, ఆయన దాని భుజం మీద చెయ్యి వేసి, "ఏం లేదమ్మా, తర్వాత చెప్తాలే," అనేవారు. ఆ 'తర్వాత' అనేది మా ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

నవ్వడం అంటారా, అది నాన్నగారికి ఉద్యోగం నేర్పిన విద్య. ఆఫీసరు నవ్వితే గుమాస్తాలందరూ నవ్వాలి. ఆఫీసరు ఏ భాషలో జోకు వేశాడో, అది జోకో కాదో తర్వాతి సంగతి. ముందు నవ్వు రావాలి. నాన్నగారి నవ్వు ఎంత చప్పున వచ్చేదంటే, ఒక్కోసారి ఆఫీసరు కంటే ముందే వచ్చేసేదని ఆయనే చెప్పుకునేవారు. చెప్పి, దానికీ నవ్వేవారు.

చదువయ్యాక అక్కకి ఆబిడ్స్‌లో ఒక ఫోటో స్టూడియోలో పని దొరికింది. చీకటిగదిలోంచి వచ్చిన నెగెటివ్‌ల మీద సన్నటి పెన్సిల్‌తో మొటిమలు, ముడతలు చెరిపేసే పని. తలొంచుకుని చేసే పని కాబట్టి మాటలతో అవసరం ఉండేది కాదు. పొగరుబోతు పిల్ల అనుకున్నారు గానీ వినపడని పిల్ల అని అక్కడెవరూ అనుకోలేదు. నాన్నగారు దానికి మురిసిపోయారు.

ఆ స్టూడియోకి కాస్త ఎగువన ఒక సినిమా హాలు ఉండేది. అందులో ఇంగ్లీషు సినిమాలే ఆడేవి. ఊళ్ళో ఆ భాష వచ్చినవాళ్ళు ఎంతమందని? బెంచీ టికెట్టువాళ్ళ కోసం అసలు తెరకి ఒక పక్కన చిన్న తెల్లగుడ్డ కట్టి, గాజుపలకల మీద చేత్తో రాసిన మాటల్ని దాని మీద వేసేవారు. తెలుగులో ఒక వరస, ఉర్దూలో ఒక వరస. అందరూ దాన్ని పక్క తెర అనేవారు. గోడల మీద పోస్టర్లలో కూడా "తెలుగు, ఉర్దూ పలకలతో" అని కొట్టొచ్చినట్టు రాసేవారు.

ఆ పలకలు రాసేవాడెవడో గానీ మహా పొదుపరి. అసలు తెర మీద మొగుడూ పెళ్ళాం చీరుకుంటుంటే "ఆమెకి కోపం వచ్చింది" అని వేసి ఊరుకునేవాడు. ఒక్కోసారి వెనకబడేవాడు కూడా. మనిషి గుండు తగిలి పడిపోయి ఉంటాడు, పక్క తెర మీద అతని మాట "నేను రేపు తప్పక వస్తాను" అని ఉంటుంది. బెంచీలు ఈలలేసేవి. అక్క కూడా నవ్వేది. ఎవరి ముఖమూ చూడకుండా, తనకి తానుగా నవ్వేది. అది నవ్వినప్పుడు నేను తెర వదిలేసి దాన్నే చూస్తూ కూర్చున్న రోజులున్నాయి.

దానికి ఆ హాలంటే ఎందుకంత పిచ్చో ఒకసారి చెప్పింది. "తెలుగు సినిమాలో వాళ్ళు మాట్లాడుతూ అటు తిరుగుతారు. తిరిగితే కథ పోయినట్టే. ఇక్కడ ఎవరు ఎటు తిరిగినా నాకేం? పైగా ఇక్కడ సగం హాలుకి వినిపించినా ఒకటే, వినిపించకపోయినా ఒకటే. అందరూ నాలాగే ఆ గుడ్డకేసి చూస్తుంటారు."

ప్రతివారం వెళ్ళేవాళ్ళం. ఆడవాళ్ళ సీట్లు ఎడమవైపున ఉండేవి. అక్కణ్ణుంచి పక్క తెర నేరుగా కనిపించేది. మూడు గంటలు మా అక్క ఈ ఊరి మనిషి.

తర్వాత హాలుకి కొత్త మేనేజరు వచ్చాడు. రంగులు వేయించాడు, వెనక సోఫాలు వేయించాడు. సోఫాల్లో కూర్చునే దొరబాబులకి పక్క తెర వెలుగు కంట్లో పడుతోందట. మాకు ఇంగ్లీషు వచ్చు కదా, ఈ గుడ్డ గోలేమిటని అన్నారట. దాంతో ఆయన గుడ్డని కిందికి దించి, ఒక స్తంభం చాటుకి జరిపించాడు. ఇప్పుడది ముందు బెంచీలవాళ్ళకి మాత్రమే కనిపిస్తుంది. బెంచీల్లో ఆడవాళ్ళని కూర్చోనివ్వరు. ఆడవాళ్ళ సీట్లలోంచి చూస్తే స్తంభమే కనిపిస్తుంది.

అక్క ఆ రోజు సినిమా మొత్తం స్తంభాన్ని చూసింది. బయటికి వచ్చి నేరుగా మేనేజరు గదికి వెళ్ళింది. వెనకే నేను.

"నాకు వినపడదండి," అంది. దాని నోట ఆ మాట పరాయివాళ్ళ ముందు రావడం అదే మొదలు. "ఆ గుడ్డ కనపడకపోతే నాకేమీ తెలియదు. నన్ను బెంచీల్లో చివరగా కూర్చోనివ్వండి. లేకపోతే గుడ్డ ఇదివరకు ఉన్నచోటికి జరపండి."

ఆయన దాన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. "మంచిగనే మాట్లాడుతున్నవ్ కద? ఇనవడకుంటె ఎట్ల మాట్లాడుతున్నవ్?" అన్నాడు. అక్క ఏదో చెప్పబోయింది. ఆయన కాగితాలు సర్దుకుంటూ తలొంచుకుని ఇంకేదో అన్నాడు. దానికి అందలేదు. నాకు అందింది. "చెవుల్లేనోళ్ళకు సినిమాలెందుకు, ఇంట్ల కూసోని బియ్యం ఏరుకోవచ్చు గద," అన్నాడు. నేను ఆయన బల్ల మీది సిరాబుడ్డి ఎత్తి కొట్టేదాన్నే. అక్క నా చెయ్యి పట్టుకుని ఈడ్చుకుపోయింది.

ఇంటికొచ్చేసరికి వకీలుగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆయన పాత హైదరాబాదు మనిషి. నిజాం కాలంలో ఉర్దూలో వాదించి పేరు తెచ్చుకున్నారు. కోర్టులు ఇంగ్లీషుకి మారాక ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. రోజంతా పాన్ నములుతూ అరుగు మీదే ఉండేవారు. కానీ అక్కతో మాట్లాడాలంటే ముందు లేచివెళ్ళి పాన్ ఉమ్మి, నోరు కడుక్కుని వచ్చేవారు. పాన్ ఉంటే పెదవులు సరిగా కదలవని ఆయనకి ఎవరూ చెప్పలేదు. తనంతట తానే గ్రహించారు. ఆ ఊళ్ళో మా అక్కకి దక్కిన మర్యాద మొత్తం అదే.

ఆ రోజూ నోరు కడుక్కుని వచ్చి అంతా విన్నారు. "పోస్టర్ మీద ఏం రాసిన్రు? పలకలతోని అని రాసిన్రు. టికెట్ అమ్మిన్రు. అమ్మి గవి కనవడని కాడ కూసోబెట్టిన్రు. గిది దావా, బిడ్డా. పక్కా దావా. ఫికర్ చెయ్యకు, నేనేస్త."

నాన్నగారు లోపల్నించి వచ్చారు. "ఆడపిల్లని కోర్టుకెక్కిస్తారా మీరు? రేపు ఊరంతా ఏమంటుంది?"

"ఏమంటది? చెవిటిదంటది. ఔ, చెవిటిదే గద సార్."

నాన్నగారి ముఖం పాలిపోయింది. మా ఇంట్లో ఆ మాట అన్న మొదటి మనిషి వకీలుగారే. అక్క ఆయన పెదవులకేసే చూస్తోంది. "ఇంకోసారి అనండి," అంది.

వకీలుగారు కంగారుపడ్డారు. "తప్పయింది బిడ్డా," అన్నారు.

"తప్పు కాదండి. ఆ మాట నా ఎదురుగా ఎవరూ అనలేదు. పెదవుల మీద ఎలా ఉంటుందో చూద్దామని."

ఆయన మెల్లగా మళ్ళీ అన్నారు. అక్క అద్దం ముందు పాఠం చెప్పుకున్నట్టు తనూ ఒకసారి పలికి చూసుకుంది. నాన్నగారు లోపలికి వెళ్ళిపోయారు.

దావా వెయ్యడానికి అక్క సంతకం చాలు, అది మేజరు. కానీ వినపడదని రుజువు కావాలి. "కోఠీ కాడ చెవుల డాక్టర్ ఉన్నడు. గాయినతోని ఒక సర్టిఫికెట్ రాపియ్యండ్రి, సగం కేసు గెలిచినట్టే," అన్నారు వకీలుగారు. నాన్నగారు ససేమిరా అన్నారు. కాగితం మీద పడితే ఇక చెరగదన్నారు. స్టూడియోవాళ్ళకి తెలుస్తుందన్నారు. నా పెళ్ళికి అడ్డమన్నారు. అమ్మ చేత ఏడిపించారు. చివరికి ఒక బేరం పెట్టారు. "డాక్టరు దగ్గరికి వెళ్ళకు. కోర్టుకి నేనే వచ్చి చెప్తాను. కన్నతండ్రిని, పైగా గవర్నమెంటు ఉద్యోగిని. నా మాట చాలదా?"

వకీలుగారు వద్దన్నారు. నేనూ వద్దన్నాను. అక్క మాత్రం ఒప్పేసుకుంది. రాత్రి నా పక్కన పడుకుని, "నాన్నగారు అందరి ముందూ నిలబడి మా అమ్మాయికి వినపడదు అని చెప్తారే. డాక్టరు కాగితం ఏం చేసుకుంటాను?" అంది. అంత సంతోషంగా దాన్ని నేనెప్పుడూ చూడలేదు. పక్క తెర సంగతి కూడా దానికి ఆ క్షణాన రెండోదే అయిందనుకుంటాను. ఆయన నోటి మీద ఆ మాట చూడాలి, అంతే.

కేసు ఏళ్ళపాటు నడిచింది. అన్ని కేసులూ అంతే. అక్క సాక్ష్యం చెప్పే రోజు వచ్చేసరికి నేను కాలేజీలో చేరిపోయాను.

నేను దాని బోను పక్కనే నిలబడి, జడ్జిగారు అన్నది గొంతు లేకుండా పెదవులతో దానికి చెప్తున్నాను. ఇంట్లో అది మాకు మామూలే. హాలు తరఫు వకీలు లేచాడు. కోటు మీద ధూళి కూడా లేని మనిషి. చెల్లెలు సాక్షికి జవాబులు అందిస్తోందని ఇంగ్లీషులో చెప్పాడు. జడ్జిగారు నన్ను బయటికి నడవమన్నారు. మా వకీలుగారు, ఆమెకి వినపడదు, కనీసం ప్రశ్న వేసేటప్పుడు తమరు తల ఎత్తితే పెదవులు చూసుకుంటుంది అని బతిమాలారు. కోర్టు ఎటు చూడాలో మీరు నేర్పనక్కర్లేదన్నారు జడ్జిగారు, రాసుకుంటున్న కాగితంలోంచి తల ఎత్తకుండానే. ఆయనకి గుబురు మీసం ఒకటి. ఎత్తినా పెద్ద ప్రయోజనం ఉండేది కాదు.

నేను గుమ్మం అవతల నిలబడ్డాను. లోపల జరిగేదంతా కనిపిస్తోంది, వినిపిస్తోంది. మా అక్కకి వినపడదు, దానికి కావలసినది కనపడనివ్వట్లేదు, దాని గురించి దాని ఎదుటే దానికి తెలియకుండా ఏదేదో నడుస్తోంది. వినపడని మనిషికి మాట చూపించమని వేసిన కేసులో ఆ మనిషికి ఒక్క మాట చూపించలేదు. ఇది నాకు ఇప్పటికీ ఒళ్ళు మండే సంగతి.

హాలు వకీలు కాసేపు ఎదురుగా నిలబడే ప్రశ్నలు వేశాడు. అక్క అన్నిటికీ చక్కగా జవాబు చెప్పింది. అతను చేతిలో ఫైలు ఎత్తి, ఏదో చదువుకుంటున్నట్టు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. పెట్టుకుని జడ్జిగారి వైపు తిరిగి తెలుగులో అన్నాడు.

"సాబ్, గీమెను చేస్కునేటోడు మస్తు నసీబున్నోడు. ఎంత తిట్టినా ఇనవడది. మాకట్లాంటి నసీబ్ యాడిది?"

కోర్టంతా నవ్వింది. గుమాస్తాలు నవ్వారు, బంట్రోతు నవ్వాడు, వాయిదాకి వచ్చి కూర్చున్న పరాయి కక్షిదారులు నవ్వారు. జడ్జిగారి మీసం కదిలింది. ఆయన కూడా నవ్వారు.

అక్కకి ఏదో జరిగిందని తెలిసింది. చుట్టూ పళ్ళు కనిపిస్తున్నాయి. అది ముందు వరసలో కూర్చున్న నాన్నగారి ముఖం చూసింది.

నాన్నగారు నవ్వుతున్నారు. జడ్జిగారు నవ్వారు కదా మరి. పెద్దవాళ్ళు నవ్వారు, ఆయనకి నవ్వు వచ్చేసింది. తన కూతుర్ని అన్నారని ఆయనకి తెలియక కాదు. ఆ నవ్వు ఆయన చేతుల్లో లేదు. అన్నేళ్ళ ఉద్యోగం ఆయన ముఖాన్ని అలా తయారుచేసింది.

ఆయన్ని చూసి అక్క నవ్వింది. చిన్నప్పటినుంచి నేర్పినట్టే, సమయానికి, సరిగ్గా సరిపోయినంత నవ్వింది.

హాలు వకీలు ఫైలు దించాడు. మరీ తొందరేమీ పడకుండా ఇంగ్లీషులో చెప్పాడు. సాక్షి నా నోరు చూడలేదు, అయినా నా మాట విని నవ్వింది, ఇది నమోదు చెయ్యమని మనవి. మా వకీలుగారు లేచి, అందరూ నవ్వితే నవ్వింది సాబ్, ఆమెకేం తెలుసునని ఉర్దూలోకి వెళ్ళిపోయారు. ఇంగ్లీషులో చెప్పండన్నారు జడ్జిగారు. వకీలుగారికి కోపంలో ఇంగ్లీషు రాలేదు.

జడ్జిగారు అప్పుడు తల ఎత్తారు. అక్కని నేరుగా చూసి, "అమ్మాయ్, ఇప్పుడు ఆయన అన్నది నీకు అర్థమైందా?" అని అడిగారు. పాపం, ఆయన ధర్మంగానే అడిగారు. అది ఆయన పెదవుల మీద పట్టుకున్న మాట "అర్థమైందా" ఒక్కటే అయివుంటుంది. దానికి జవాబు దాని నాలుక మీద ఎప్పుడూ సిద్ధంగా ఉండేదే.

"అర్థమైందండి," అంది అక్క.

అంతటితోనూ కేసు పోలేదు. ఇంకా నాన్నగారి సాక్ష్యం ఉంది. ఆయన ఒక్క మాట చెప్తే చాలు, నవ్వు సంగతి మొత్తం తేలిపోతుంది. మా వకీలుగారు ఆయన్ని బోనెక్కించారు. అక్క ఆయనకి సరిగ్గా ఎదురుగా వచ్చి కూర్చుంది. మెడ చాచి, కళ్ళార్పకుండా ఆయన నోటికేసే చూస్తోంది. ఏళ్ళుగా ఎదురుచూసిన మాట కదా.

"మీ బిడ్డకు చెవులు ఇనవడతయా, సార్?" అని అడిగారు వకీలుగారు.

నాన్నగారు జడ్జిగారి వైపు చూశారు. చేతులు కట్టుకున్నారు. "కొంచెం తక్కువండి," అన్నారు.

"కొంచెమా?" అన్నారు జడ్జిగారు.

"కొంచెమేనండి."

అక్క ముఖం చూశాను నేను. అది చదివేసింది. 'ప' ఎలా ఉంటుందో, 'మ' ఎలా ఉంటుందో ఆ నోటి మీదే నేర్చుకున్న పిల్ల, దానికి ఆ నోట పొరపాటు పడడమంటూ ఉండదు.

కేసు కొట్టేశారు. ఫిర్యాదీకి వినపడుతోందని ఆమె నవ్వూ, ఆమె మాటా, ఆమె తండ్రి మాటా చెప్తున్నాయి కాబట్టి అని తీర్పు. వకీలుగారు ఇంటికొచ్చి నోరు కడుక్కుని, "మాఫ్ చెయ్యి బిడ్డా. గాళ్ళు మాట్లాడిందాంట్ల నాకు గూడ సగం సమజ్ కాలే," అన్నారు. ఆ తర్వాత ఆయన నల్లకోటు వేసుకుని బయటికి వెళ్ళగా నేను చూడలేదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర అక్క అడిగింది. "ఎందుకు నవ్వారు నాన్నగారూ కోర్టులో?"

"ఏం లేదమ్మా. తర్వాత చెప్తాలే," అన్నారాయన.

నేను చెప్పాను. నసీబు దగ్గర్నించి తిట్టు దాకా, ఒక్క మాట విడవకుండా, దానికి స్పష్టంగా కనిపించేలా పెదవులు తిప్పి చెప్పాను. అమ్మ నన్ను కసిరింది. అక్క అంతా చూసి, కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయింది. నాన్నగారు మజ్జిగ పోసుకుని అన్నం ముగించారు.

హాలువాళ్ళు మాత్రం ఊరుకోలేదు. కేసుల తలనొప్పి మాకెందుకని పక్క తెరని ఊడబీకి పారేశారు. దాంతో బెంచీలవాళ్ళు మా మీద పడ్డారు. ఆబిడ్స్‌లో అక్క స్టూడియోకి వెళ్తుంటే రిక్షావాళ్ళు, పాన్ డబ్బావాళ్ళు వేలు పెట్టి చూపించేవారు. "గామెనే. గామె కేసేసిందనే పలకలు తీసేసిన్రు. చెవులు మంచిగున్నా చెవిటిదని నాటకమాడిందట," అనుకునేవారు. మొన్నటిదాకా దానితో పాటు అదే గుడ్డకేసి చూసినవాళ్ళే. వాళ్ళు వెనకనుంచి అనేవారు కాబట్టి దానికి తెలిసేది కాదని అందరూ అంటారు. వెనకనుంచి అన్నవాళ్ళు ముందుకి రారా? ఎదురుపడరా? అక్క ఆ సందులు మాని సుల్తాన్ బజారు మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళేది. మళ్ళీ ఏ సినిమాకీ రాలేదు. నలుగురూ నవ్వినప్పుడు నవ్వడం కూడా మానేసింది. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో రాయిలా కూర్చునేది. దాంతో ఊరందరికీ తెలిసిపోయింది, దానికి వినపడదని. నాన్నగారు దాచిపెట్టినదంతా అది నవ్వకపోవడంతో బయటపడిపోయింది.

డెబ్బైల్లో నాన్నగారు రిటైరయ్యారు. నాకు అప్పటికి పెళ్ళయి హిమాయత్‌నగర్‌లో కాపురం. అక్క పెళ్ళి చేసుకోలేదు, అడిగినవాళ్ళు లేరు. అమ్మా నాన్నగారూ దాని జీతం మీదా, ఆయన పింఛను మీదా నాంపల్లిలోనే ఉండేవారు. ఆ రోజుల్లోనే నాన్నగారికి వినికిడి తగ్గడం మొదలైంది. ముందు రేడియో గట్టిగా పెట్టేవారు. తర్వాత రేడియో పెట్టడమే మానేశారు. మేం ఎవ్వరం ఆ మాట ఎత్తలేదు, ఆయనా చెప్పలేదు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే అక్కర్లేదన్నారు. అడిగినదానికల్లా తల ఊపేవారు. అక్క ఇదంతా చూస్తూ ఉండేది. దానికి తెలియని విద్య కాదు అది.

మా పాప మొదటి పుట్టినరోజుకి అందర్నీ పిలిచాం. హాల్లో కుర్చీలు వేసి భోజనాలయ్యాక కబుర్లలో పడ్డారు. నాన్నగారు తెల్ల పంచె కట్టుకుని మధ్యలో కూర్చున్నారు. ఎవరేమన్నా చిరునవ్వుతో తల ఊపుతున్నారు. మావారి ఆఫీసులో పనిచేసే ఒకాయన ఆయన్ని చాలాసేపటినుంచి గమనిస్తున్నట్టున్నాడు. పక్కాయనతో అన్నాడు, గొంతేమీ తగ్గించకుండా.

"పెద్దాయన్ని తీసుకెళ్ళి ఏ గుళ్ళోనైనా కూర్చోబెట్టాలండీ. ఏం తిట్టినా నవ్వుతాడు. జనం దేవుడనుకుని పళ్ళేలు నింపేస్తారు."

అందరూ గొల్లుమన్నారు. నాన్నగారు చుట్టూ ఉన్న ముఖాలు చూశారు. చూసి నవ్వారు. సమయానికి, సరిగ్గా సరిపోయినంత నవ్వారు.

ఎదురుగా గోడవార కూర్చున్న అక్కకి ఆ జోకు వేసినాయన పెదవులు అందాయి. అది లేచి వచ్చి, నాన్నగారి ముందు నేల మీద కూర్చుంది. ఆయన మోకాళ్ళ మీద చేతులు వేసింది.

"ఎందుకు నవ్వారు నాన్నగారూ?"

"ఆఁ?"

అక్క మళ్ళీ అడిగింది. ఒక్కో అక్షరం విడదీసి, పెదవులు పూర్తిగా తెరిచి అడిగింది. అద్దం ముందు ఆయన దానికి నేర్పిన తీరు అచ్చంగా అదే. ఆయన దాని నోటికేసి చూస్తూ ఉండిపోయారు. మాట అందినట్టే ఉంది.

"ఏం లేదమ్మా," అన్నారు. "తర్వాత చెప్తాలే."

"మీకు అర్థమైందా?"

"అర్థమైంది, అర్థమైంది," అన్నారు నాన్నగారు.

జోకు వేసినాయనకి ఇబ్బంది కలిగినట్టుంది. తప్పు సర్దుకోవడానికి కాబోలు, లేచి వచ్చి నాన్నగారి భుజం మీదుగా వంగి, అక్కని అడిగాడు. "సారీ అండి. పెద్దాయనకి బొత్తిగా వినపడదా?"

అక్క జవాబు ఆయనకి చెప్పలేదు. నాన్నగారి ముఖంలోంచి చూపు తియ్యకుండా, ఆయనకి ఒక్క అక్షరం కూడా తప్పిపోకుండా, నింపాదిగా చెప్పింది.

"కొంచెం తక్కువండి. కొంచెమే."

నాన్నగారు చదివారు. చెవులతో పని లేకుండానే ఆయనకి ఆ మాట అందింది. ముఖం మీది నవ్వు అక్కడే ఉండిపోయింది గానీ, దాన్ని ఉంచాలో తియ్యాలో ఆయనకి తోచలేదు. చుట్టూ చూశారు. వచ్చినవాళ్ళు తలలు దించుకుని ఉన్నారు. అమ్మ వంటింట్లో ఉంది. చివరికి ఆయన నా ముఖం వైపు చూశారు, నేను నవ్వితే నవ్వుదామని.

నేను నవ్వలేదు.